చేపల తొట్టి కింద టీవీ స్టాండు పెట్టమని రాయకండి బాబూ

సంపాదకుడు గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంటి అలంకరణ పేజీలో అక్వేరియం గురించి వేశారు కదా, బొమ్మ చాలా బాగుంది, మా మనవడు కత్తిరించి బీరువాకి అంటించేసుకున్నాడు కూడా. అంతా బానే రాశారు గానీ ఆఖర్న ఒక ముక్క రాశారు చూడండి, ఇంట్లో వాడకుండా పడున్న టీవీ స్టాండు గానీ చెప్పుల రాక్ గానీ ఉంటే దాని మీదే తొట్టి పెట్టేసుకోవచ్చు అని, అది చదివేసరికి కాఫీ గొంతుకి అడ్డం పడిందండి నాకు. ఎందుకంటే సరిగ్గా అదే పని చేసి హాలుని చెరువు చేసుకున్నోణ్ణి నేను.

మాది పాలకొల్లు దగ్గర ఊరు. ఎటు చూసినా చెరువులే మా వైపు. మా ఎదురింటాయనకి ఇరవై ఎకరాల చెరువుంది, బొచ్చె, శీలావతి పట్టి లారీలకెత్తిస్తుంటారు, ఆయన మా తొట్టి చూసి "ఏమండోయ్ మాస్టారూ, ఏరేటర్లు ఎన్ని పెట్టారు, మేత ఎన్ని బస్తాలు పడతంది" అని ఏడిపిస్తుంటారు. ఏడిపిస్తే ఏడిపించారు గానీ ఆయన ధాన్యం బస్తాలే తర్వాత నాకు అక్కరకొచ్చాయి, అది వచ్చినప్పుడు చెప్తాను.

రెండేళ్ల కిందట మనవడి పుట్టినరోజుకి తొట్టి కొన్నామండి, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. దాంతోపాటే స్టాండు కూడా అంటగట్టాడు టౌన్లో ఒక షాపాయన, పేరెందుకులెండి. నల్లగా నున్నగా మెరుస్తా ఉంది, కింద రెండు తలుపులు, నిజానికి అది టీవీ స్టాండే. ఇది మోస్తుందా బాబూ అని అడిగాను, అడక్కపోలేదు. "సార్, ఏనుగెక్కినా ఏం కాదు" అన్నాడు. ఏనుగు ఎక్కుద్ది, దిగిపోద్ది. నీళ్లు అలా కాదు కదండీ, ఒకసారి ఎక్కాయంటే రాత్రీ పగలూ పండగా పబ్బం లేకుండా దాని మీదే కూర్చుంటాయి.

అది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టుని జిగురుతో కలిపి అదిమి పైన కాయితం లాంటి పొర అంటించింది. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా పైపు చివర్నించి నాలుగు చుక్కలు పడతాయి, ఆ చుక్కలే అంచు దగ్గర అతుకులోంచి లోపలికి దిగిపోయాయి. మొదటి వానాకాలం తలుపు పట్టేసింది, చెమ్మకి ఉబ్బిందిలే మన వైపు ఏ తలుపైనా అంతే కదా అనుకున్నా. దసరాకి ఎడమపక్క కింది అంచు వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది, గోటితో గీకితే నానేసిన అటుకుల్లా ముద్దలు ముద్దలుగా ఊడొచ్చింది. మా ఆవిడ రెండు సార్లు చెప్పింది తీయించండి అని. తీయిద్దాం తీయిద్దాం అంటా కార్తీకమాసం దాకా లాగాను.

ఆ రాత్రి పదకొండింటప్పుడు టక్ మని చిన్న చప్పుడు, వేరుశనక్కాయ నొక్కినట్టు, అంతే. లైటేసి చూస్తే ఎడమ మూల స్టాండు అరంగుళం కుంగిపోయింది, ఆ మూల రెండు అద్దాలు కలిసే చోట సిలికాన్ జిగురు విడిపోయి నీళ్లు సన్నగా తెరలాగ జారుతున్నాయి, మేం చూస్తుండగానే ఆ చీలిక పైకి పాకింది. బిందెలు, బకెట్లు, ఆఖరికి ఇడ్లీ గిన్నె కూడా తెచ్చాం. ఎనిమిది గోల్డ్ ఫిష్‌లలో ఆరు బతికాయి, ఒకటి సోఫా కిందకి పోయింది పొద్దున్న దాకా దొరకలేదు. కింద పెట్టెలో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది, దాని మీద నీళ్లు పడకముందే మా అబ్బాయి మెయిన్ ఆపాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా.

ఇప్పుడు లెక్క చూడండి, దీన్ని మీరు బాక్సు కట్టి వేస్తే నలుగురికీ పనికొస్తుంది. నా తొట్టి 9 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్లు పైచిలుకు, అంటే అంచు దాకా పోస్తే 255 లీటర్లు, లీటరు నీళ్లు కేజీ, కాబట్టి 255 కేజీలు. కాస్త వెలితిగా పోస్తాం కాబట్టి 240 అనుకోండి. 10 ఎంఎం అద్దం చదరపు మీటరుకి 25 కేజీలు తూగుద్ది, ఈ సైజు తొట్టికి రెండు చదరపు మీటర్ల పైనే అద్దం పడుద్ది, అదొక 50 కేజీలు. అడుగున పోసే రాళ్లు ఓ 30. అన్నీ కలిపి 320 కేజీలకి తక్కువుండదు. మన భాషలో చెప్పాలంటే 75 కేజీల ధాన్యం బస్తాలు నాలుగూ, ఇంకో బస్తాలో పావు పైనా. చెప్పుల రాక్ మీద నాలుగు బస్తాల ధాన్యం ఎవరైనా పెడతారా అండి? అద్దంలోంచి అవతలకి కనపడుద్ది కదా, అందుకని బరువు లేనట్టు అనిపిస్తుంది మనకి.

సరే, తొట్టికి కొత్త అద్దం వేయించాను, స్టాండు మాత్రం ఇంట్లోనే చేయిద్దాం అనుకున్నా. కర్ర కొనక్కర్లేదు. మా తాతగారి పెంకుటిల్లు రాజోలు వైపు ఉండేది, ఆ ఇంటి టేకంతా రాజమండ్రిలో కలప అడితిలో కొని కాలవ మీద పడవలో తెచ్చారని చెప్పేవారు, ఆ రోజుల్లో గోదారి మీద తెప్పలు కట్టి కలప దించేవారు కదా. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి ఆ ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి, పెరట్లో కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి, దూలాలు మాత్రం జానెడు కదల్లేదు. తర్వాత ఇల్లు విప్పేసినప్పుడు ఓ దూలం ముక్కా నాలుగు వాసాలూ తెచ్చి మా దొడ్లో రేకుల షెడ్డులో పడేశా, ఎందుకు పడేశానో నాకే తెలీదు, మా ఆవిడ అయితే ఏటా భోగికి వాటివైపే చూసేది.

సామిల్లుకి తీసుకెళ్తే కోయనన్నారు, పాత కర్రలో మేకులుంటాయి, తగిల్తే బ్లేడు పోద్ది అని. నిజమే పాపం. అప్పుడు మా అబ్బాయి పాడైన స్పీకర్లోంచి అయస్కాంతం ఊడదీసి దారానికి కట్టి కర్ర పొడుగునా జరుపుకుంటూ పోయాడు, మేకున్న చోటల్లా అయస్కాంతం చటుక్కున పక్కకి లాగేది, అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాం. ఆ ఒక్క దూలంలోనే పదిహేడు మేకులు, కొన్ని తల విరిగి లోపలే తుప్పు పట్టున్నాయి. అన్నీ పీకి పట్టుకెళ్తే అప్పుడు కోశారు. కోసినప్పుడు లోపల రంగు, ఆ వాసన, ఎన్నేళ్ల కర్రో అది, నిన్న కొట్టినట్టుంది.

పని చేసింది మా ఊరి ఆచారి గారు, డెబ్బై దాటాయి ఆయనకి, ఇప్పుడు గుమ్మాలు తప్ప పని ఒప్పుకోరు. నేను ఫోన్లో నాలుగు వీడియోలు చూసి పెద్ద ఇంజినీరులాగ కాయితం మీద బొమ్మ గీసుకెళ్లాను, నాలుగు కాళ్లు, కాళ్ల పక్కన అడ్డకర్రలు పెట్టి మూడంగుళాల స్క్రూలు బిగించడం. ఆయన కాయితం తిప్పి తిప్పి చూసి, "మాస్టారూ, మీ తాతగారి ఇంట్లో దూలం స్తంభం మీద కూచుందా, స్తంభానికి పక్కన వేలాడిందా?" అన్నారు. మీదే కూచుంది అన్నా. "మరి ఇదేంటి, బరువంతా తెచ్చి స్క్రూ మెడకి తగిలించారు? స్క్రూ రెండు కర్రల్ని దగ్గరగా పట్టుకోడానికండి, మొయ్యడానికి కాదు" అన్నారు. నా కాయితం మడిచి జేబులో పెట్టేసుకున్నా.

సంపాదకుడు గారూ, ఈ ఉత్తరం మొత్తంలో నేను చెప్పదల్చుకుంది ఆ ఒక్క ముక్కేనండి. తొట్టి బరువు కర్ర మీంచి కర్ర మీదకి దిగి నేల చేరాలి, మధ్యలో ఎక్కడా మేకు మీదా స్క్రూ మీదా ఆగకూడదు.

ఆయన చేసిన పద్ధతి ఎలాగంటే, కాళ్లు ఆరు, ముందు మూడు వెనక మూడు, ఒక్కోటి 3 అంగుళాల చదరం, 30 అంగుళాల ఎత్తు. నాలుగు మూలలకి నాలుగైతే చాలదా అంటే చాలొచ్చు గానీ నాలుగడుగుల పొడవు మీద మధ్యలో అడ్డకర్ర కుంగకుండా ఉండాలంటే మధ్య కాలు ఉంటేనే నిశ్చింత అన్నారు, ఆరు కాళ్లంటే సగటున ఒక్కోదాని మీద 55 కేజీలే కదా. ఒక్కో కాలి తలకాయ దగ్గర బయటవైపు అంగుళంన్నర లోతు, 3 అంగుళాల ఎత్తు మెట్టులాగా కోశారు. ముందూ వెనకా వచ్చే పొడుగు అడ్డకర్రలు ఆ మెట్టు మీద కూర్చుంటాయి, పక్కన వచ్చే పొట్టి కర్రలకి కుసి తీసి, అంటే చివర నాలుకలాగా సన్నగా చెక్కి, కాలికి బెజ్జం కొట్టి దించారు. ఆ మెట్టు ఎంత ఖచ్చితంగా కుదరాలంటే, ఉలితో చెక్కడం, కర్ర పెట్టి చూడడం, తీయడం, గోరంత పొట్టు తియ్యడం, మళ్లీ పెట్టడం, ఆఖర్న పోస్టుకార్డు ముక్క సందులో దూర్చి చూశారు, దూరలేదు. అప్పుడు ఫెవికాల్ మెరైన్ రాసి కూచోబెట్టి, ఆ తర్వాతే ఒక్కో చోట రెండేసి స్క్రూలు, అవి కూడా ముందు డ్రిల్లుతో సన్న బెజ్జం చేసి, లేకపోతే పాత టేకు చీలిపోద్దంట.

ఇంకోటి, అడ్డకర్ర 3 అంగుళాల వైపు నిలువుగా ఉండాలి. పిల్లల స్కేలు తీస్కోండి, పడుకోబెట్టి నొక్కితే వంగుద్ది, అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగదు. 3 బై 2 కర్రని పడుకోబెట్టినదానికంటే నిలబెడితే గట్టితనం రెండింతల పైనే. అదే కర్ర, అదే డబ్బు, తిప్పి పెట్టడమే తేడా, అయినా షాపుల్లో చాలా స్టాండ్లకి పడుకోబెట్టే ఉంటుంది ఎందుకో.

పైనుంచి దిగే బరువు సంగతి అలా అయింది, మరి పక్కకి ఊగడం? మనవడు బంతాట ఆడతా వచ్చి ఒక తోపు తోస్తే? దానికి వెనకవైపు మొత్తం 12 ఎంఎం ప్లైవుడ్ కొట్టించాం, వైర్లకి ఒక కన్నం వదిలి. ప్లై కొట్టకముందు చేత్తో ఊపితే నవారు మంచంలా కిర్రుమంది, కొట్టాక గోడని ఊపినట్టే. ప్లై కొట్టేముందు మూల నుంచి ఎదురు మూలకి టేపు పెట్టి రెండువైపులా కొలిచారు, రెండూ ఒకటే వస్తేనే నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నట్టు. పైన తొట్టి కూర్చునే పలక 18 ఎంఎం మెరైన్ ప్లై, ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది చూసుకోండి. ఆ పలక తొట్టి కంటే చుట్టూ అరంగుళం పెద్దదిగా ఉండాలి, అద్దం అంచు గాల్లోకి రాకూడదు.

పాత టేకు అందరికీ ఎక్కడ దొరుకుద్ది అంటారా. అడితిలో అడిగితే వేప, నిద్రగన్నేరు, తుమ్మ కూడా చూపిస్తారు, ఏదైనా సరే గానీ పచ్చి కర్ర మాత్రం వద్దు, ఆరేకొద్దీ మెలి తిరుగుద్ది, ఒక కాలు లేస్తే మళ్లీ అద్దం మీదకే వస్తుంది. మామిడి చెక్క చవక, పురుగు కూడా అంత తొందరగానూ పడుద్ది. కొబ్బరి మొద్దులు మన దగ్గర ఊరికే దొరుకుతాయని కొంతమంది అంటారు, కొబ్బరికి పైన చుట్టూ ఉండేదే గట్టి, లోపల గుల్ల, చదరంగా కోస్తే గుల్లవైపు కూడా వస్తుంది, నేనైతే పెట్టను. తాటి దూలం బలానికి దాని తర్వాతే ఏదైనా, కానీ ఉలి పట్టదు, పీచు లేస్తుంది, మెట్టు కొయ్యాలంటే ఆచారి గారు మనల్ని తిడతారు.

చేపలు పెట్టకముందు పరీక్ష చేశామండి, ఎదురింటాయన బస్తాలు ఇప్పుడు వచ్చాయి. చెరువులు కాకుండా తిండికని నాలుగెకరాలు వరి ఉంచుకున్నారాయన, కోతలప్పుడు కావడంతో నాలుగు బస్తాలు ఎత్తించి స్టాండు మీద ఎక్కించారు, అంటే 300 కేజీలు, పైన ఆయన కూడా ఎక్కి కూచున్నారు, దిగమంటే దిగరు, ఫోటో తీయమంటారు. బస్తాలు పెట్టకముందే ముందు అడ్డకర్ర కింద ఈ చివర్నించి ఆ చివరకి దారం బిగించాం. రెండు రోజులు అలాగే ఉంచి చూస్తే దారానికీ కర్రకీ మధ్య సందు ఏం మారలేదు. అప్పుడు నమ్మాను.

తర్వాత మట్టం. మన ఇళ్లల్లో నేల చదునుగా ఉంటుందనుకుంటాం, కడిగిన నీళ్లు పోవడానికి తాపీ మేస్త్రి వాలు ఇస్తాడు కదా, నాలుగడుగుల్లోనే మాకు పావంగుళం తేడా వచ్చింది. మేస్త్రీలు వాడే తెల్ల పైపులో నీళ్లు పోసి రెండు చివర్లా పట్టుకుంటే ఇట్టే తెలిసిపోద్ది. ఒక్కో కాలి కింద కడప రాయి ముక్క పెట్టాం, నేల తుడిచిన తడి కర్రకి తగలదు, చెదలు పాకినా కంటికి కనపడతాయి, తక్కువున్న చోట ఆ రాయి కింద పీవీసీ షీటు ముక్కలు వేసి సరిచేశాం. అట్టముక్కలు పెట్టకండి, తడిసి అణిగిపోతాయి. తొట్టి పెట్టి ముందు రెండంగుళాలు మాత్రం నీళ్లు పోసి రెండు చివర్లా స్కేలు పెట్టి చూడండి, నీళ్లని మించిన మట్టం ఏముంది, తేడా ఉంటే ఆ నీళ్లు తోడేసి సరిచెయ్యడం తేలిక, నిండాక ఎవడు ఎత్తుతాడు. తొట్టికీ పలకకీ మధ్య అరంగుళం థర్మాకోల్ షీటు తప్పనిసరి, చిన్న ఇసక రేణువు అద్దం కిందుంటే బరువంతా ఆ చుక్క మీదే పడుద్ది.

మేడ మీద ఇళ్లవాళ్లు గది మధ్యలో కాకుండా గోడవారగా, కింద బీము ఉన్న వైపు పెట్టుకోండి, నాలుగడుగుల కంటే పెద్ద తొట్టి అయితే ఇల్లు కట్టిన ఇంజినీరుని ఒక మాట అడగండి. కరెంటు బోర్డు తొట్టి కింద పెట్టొద్దు, నేను చేసిన తప్పే అది. గోడకి పైన పెట్టుకోండి, వైరు ముందు కిందకి వేలాడి తర్వాత పైకెక్కి ప్లగ్గులోకి వెళ్లేలా వదలండి, వైరు వెంబడి జారిన చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోద్ది. చెదల మందు కొట్టించాలంటే తొట్టి రాకముందే కొట్టించి బాగా ఆరనివ్వండి, ఆ మందులు చేపలకి విషం, మా ఎదురింటాయన్ని అడిగితే పక్క చేలో కొట్టిన మందు చెరువులోకి వస్తే ఏమవుద్దో కథలు కథలుగా చెప్తారు. దోమల స్ప్రే కూడా అంతే. వార్నిష్ రెండు కోటింగులు వేసి మేం పది రోజులు ఆగాం, మనవడు రోజూ ఏడుపే.

అందుకని సంపాదకుడు గారూ, వచ్చే ఆదివారం అదే పేజీలో చిన్న సవరణ వెయ్యండి, టీవీ స్టాండు, చెప్పుల రాక్ అన్న ముక్క తీసేసి నీళ్ల బరువు లెక్క వేస్తే చాలు. బొమ్మ కావాలంటే మా స్టాండుది పంపిస్తాను, ఎదురింటాయన బస్తాల మీద కూచున్నది ఒకటుంది. స్టాండుకి ఇంకా ముందు తలుపులు పెట్టించలేదు, లోపల మేత డబ్బా, వల, పైపు అన్నీ కనపడుతున్నాయని మా ఆవిడ పాత చీర కట్టింది తెరలాగ. ఆచారి గారేమో ఒకరి గృహప్రవేశానికి గుమ్మం పని ఒప్పుకున్నారు, అది అయ్యేదాకా రానన్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ మాస్టారు,
పాలకొల్లు దగ్గర నుంచి